గొంగడి కప్పుకున్న టిప్పర్

సూర్యాపేట,
6 ఏప్రిల్ 2025

ప్రకటన.

సూర్యాపేట వాస్తవ్యుడు, ఏడో తరగతిని మూడేళ్లపాటు శ్రద్ధగా చదివినవాడు, హైవే పక్కన రేడియేటర్లకు మాట్లు వేసే పరశురాములు పూర్తి స్పృహలో ఉండి ప్రకటించునది: నేటి నుంచి అతడు చాయ్‌లో రెండు బిస్కెట్లకు మించి ముంచడు. ముంచినది విరిగి అడుగుకు పోయినచో వేలు పెట్టి తీయడు. మిర్యాలగూడలో ఉండే తన బావ మురళీధర్‌తో ఫోనులో మాట్లాడడు. మొదటి రెండు నియమాలు నా భార్య సరళ పెట్టినవి. మూడోది మా అక్క, అనగా నీ భార్య ధనలక్ష్మి పెట్టినది. మూడింటిలో మూడోదే నాకు తేలిక.

బావా, అక్క తీర్పు నువ్వూ వినే ఉంటావు. మొన్న ఫోనులో నీ టిప్పర్‌ను నేను దున్నపోతు అన్నాను. నువ్వు నన్ను అంతకంటే పెద్ద జంతువును చేశావు. ఆ ఫోను స్పీకర్ మీద ఉందని, అక్క పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోందని ఇద్దరికీ తెలియదు. "ఇద్దరు నోర్లు మూసుకోండ్రి. ఏమన్న ఉంటే కాయితం మీద రాసుకోండ్రి. రాసేటప్పుడన్న జర సిగ్గు వస్తది" అన్నది. సరే, రాస్తున్నాను. సిగ్గు ఇంకా రాలేదు.

ఉత్తరాలు పుష్పాబాయి తెస్తుంది. మిర్యాలగూడ బస్సు కండక్టర్, నీకు తెలిసిన మనిషే. ఈ ఉత్తరంతో పాటు ఒక గోనెసంచి కూడా ఇస్తుంది. అందులో ఏముందో చెప్పేముందు అసలు సంగతి.

నీ టిప్పర్ క్లచ్ లేని బండి. గనుల వేలంలో చూసి ముచ్చటపడి తెచ్చుకున్నావు. గేర్లు వాటంతట అవే పడతాయని ఊరంతా చెప్పుకున్నావు. దామరచర్ల కరెంటు ప్లాంటు నుంచి కోదాడ ఇటుకల ఫ్యాక్టరీ దాకా బూడిద లోడుతో పోతుంటే గేర్ బాక్స్ కాగుతోంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతోంది, బండి మొరాయిస్తోంది. పోయిన నెల హుజూర్‌నగర్ దగ్గర ఒకసారి ఆగింది. లోడుతో మూడుసార్లు రోడ్డు మీద ఆగిన బండి నంబరును కాంట్రాక్టరు తన జాబితాలోంచి కొట్టేస్తాడని నువ్వే చెప్పావు. నంబరు పోతే నీకు వేరే బండి లేదు. యాభై రెండేళ్ల వయసులో మళ్లీ ఇంకొకరి బండి మీద డ్రైవరుగా ఎక్కాలి. ఆ మాట నువ్వు చెప్పలేదు, అక్క చెప్పింది.

మందు ఏమిటో నేను చెబితే నువ్వు నమ్మవు. ఎందుకు నమ్మవో కూడా తెలుసు. రెండేళ్ల కింద నువ్వు గొర్రెలను ఆటో ట్రాలీలో సంతకు తోలుకుపోతుంటే, ముందు వరస గొర్రెలకు బెల్టు కట్టాలని కొత్త రూలు వచ్చిందన్నాను. నువ్వు అక్క పాత చీర చింపి పదకొండు గొర్రెలకు బెల్టులు కట్టి, చెక్‌పోస్టులో పోలీసుకు సెల్యూట్ కొట్టావు. అప్పటి నుంచి నేను టైము చెప్పినా నువ్వు ఇంకొకరిని అడుగుతున్నావు.

అందుకే ఈసారి నా మాట కాదు. కోదాడలో హన్మా మేస్త్రీ అని ఒకాయన ఉన్నాడు. ఇరవై ఏళ్లు గనుల్లో పెద్ద పెద్ద క్లచ్ లేని బండ్లు విప్పిన మనిషి. ఎడమ కాలు కుంటు. బీడీ నోట్లో ఉంటేనే మాట్లాడతాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "క్లచ్ లేని బండిల గేర్లు నూనె బలంతోనే తిరుగుతయ్. నూనె కాగితే అన్నీ ఖతం. కంపెనీ ఇచ్చిన ఏర్పాటు గనుల మెల్లగ నడిచేటందుకు. రోడ్డు మీద లోడుతోని ఉరికితే సాలదు. దానికి ఇంకో కూలర్ పెట్టాలె."

గోనెసంచిలో ఉన్నది ఆ కూలరే. చిన్న అల్యూమినియం జాలీ, రెండు పైపులు, క్లిప్పులు, నాలుగు పట్టీలు. రేడియేటర్ ముందు బిగించాలి. రెండింటి మధ్య బొటనవేలు పట్టేంత సందు ఉండాలి. గేర్ బాక్స్ నుంచి వచ్చే వేడి నూనె ఎప్పటిలా ముందు రేడియేటర్ కిందికి పోవాలి, అక్కడి నుంచి ఈ కూలర్‌లోకి, కూలర్ నుంచి తిరిగి గేర్ బాక్స్‌కు. ఈ వరస తప్పవద్దు. పట్టీలను బండి ఫ్రేముకు బిగించు, రేడియేటర్ జాలీలోంచి దూర్చవద్దు.

ఇట్లు,
నీ బామ్మర్ది,
నోరు మూసుకుని చెయ్యి తెరిచిన పరశురాములు


మిర్యాలగూడ,
9 ఏప్రిల్ 2025

చిరంజీవి పరశురాములుకు మురళీధర్ రాయునది. ఆశీర్వాదం ఈసారికి పెండింగులో పెట్టాను.

సంచి ముట్టింది. పుష్పాబాయి కూలర్‌ను సంచిలోంచి తీసి సీటు మీద కూర్చోబెట్టి "గీ పిల్ల ఎవ్వలది, టికెట్ ఎవలు తీసుకుంటరు" అని బస్సంతా నవ్వించిందట. నీతో ముడిపడిన ఏ వస్తువూ పరువుగా నా ఇంటికి రాదు.

మీ అక్క నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. రెండోసారి చదివేటప్పుడు నవ్వింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. మీ అక్కాతమ్ముళ్లు కలిసి నన్ను ఏం చేయబోతున్నారో నాకు భయంగా ఉంది.

ఇక విషయం. హన్మా మేస్త్రీ అనే మనిషి చెప్పాడు గనుక ఆలోచిస్తున్నాను. నువ్వు చెప్పి ఉంటే ఆ జాలీని మా కోళ్ల గూడుకు తలుపు చేసేవాడిని. గనుల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి అంటే మాటకు బరువుంటుంది. ఆయనను నేను మనసులోనే గౌరవిస్తున్నాను. నీ మీద గౌరవం ఎప్పుడు కలుగుతుందో చూద్దాం.

కానీ ఒక అనుమానం. ఇది చల్లబరిచే వస్తువు కదా. చల్లబరిచేదాన్ని బండి ముఖం మీద, ఎండకు ఎదురుగా పెట్టడం ఏమిటి? ఇంట్లో నీళ్ల కుండను నీడన పెడతాం, కింద ఇసుక పోస్తాం. వాకిట్లో ఎండకు పెట్టం. ఏప్రిల్ నెలలో మా రోడ్డు మీద ఎండ ఎట్లా ఉంటుందో రేడియేటర్ల కొట్టులో ఫ్యాను కింద కూర్చునేవాడికి తెలియదు. నా ఆలోచన ఏమంటే, క్యాబిన్ వెనక, తొట్టి కింద నీడలో బిగిస్తే చల్లగా ఉంటుంది, బూడిద పడదు, ఎవరి దిష్టీ తగలదు.

ఈ ముక్క మేస్త్రీకి చెప్పి జవాబు తెప్పించు. నీ సొంత తెలివి కలపకు.

ఇట్లు,
మురళీధర్


సూర్యాపేట,
12 ఏప్రిల్ 2025

నీడ ప్రియుడైన బావకు,

నీ ఉత్తరం చదివి పొద్దున్నే తల పట్టుకున్నాను. సరళ "తలనొస్తుందా" అని అడిగి జండూబామ్ తెచ్చింది. బావ ఉత్తరం అని చెప్పగానే డబ్బా నా చేతిలోనే పెట్టి పోయింది. "మొత్తం ఉంచుకో, పనికొస్తది" అన్నది.

బావా, కుండ వేరు, కూలర్ వేరు. నువ్వు చాయ్ ఎట్లా తాగుతావు? సాసర్‌లో పోసి ఉఫ్ అని ఊదుతావు. ఊదకుండా ఆ సాసర్ తీసుకెళ్లి మంచం కింద నీడలో పెడతావా? ఆ జాలీయే సాసర్. బండి ముందుకు పోతుంటే ఎదురొచ్చే గాలే నీ నోరు. తొట్టి కింద గాలి ఆడదు, వెనక చక్రాల బూడిద అంతా అక్కడే చేరుతుంది. ముందు పెట్టాలి. ముందే పెట్టాలి. దీనికోసం నేను ఇంకో సాసర్ ఉదాహరణ వెతకలేను.

నువ్వు చెప్పినట్టే మేస్త్రీకి కూడా వినిపించాను. ఆయన బీడీ పడిపోయేంత నవ్వాడు. "ఎండ తగులుతదని మీ బావకు అంత పరేషాన్ ఉంటే, మీరు గొర్లోల్లే కదా, ఒక గొంగడి కప్పుమను" అన్నాడు. ఆయన హాస్యం అట్లాంటిది.

పని మొదలుపెట్టేముందు బండి చల్లారనీ. పైపులు విప్పినప్పుడు ఎర్రటి పల్చటి నూనె కారుతుంది, కంగారు పడి నోటితో ఆపకు, కింద బేసిన్ పెట్టు. బిగించాక ఇంజన్ నడుస్తుండగానే, న్యూట్రల్‌లో, నూనె కొలత చూడు. కూలర్‌లో కొంత నూనె చేరుతుంది గనుక ఆ తగ్గినంత మళ్లీ పొయ్యి. అదే ఎర్ర నూనె, వేరేది వద్దు. క్లిప్పు ఎక్కువ తిప్పితే పైపు తెగుతుంది, తక్కువ తిప్పితే కారుతుంది. నీ కోపంలో సగం బలం వాడు, సరిపోతుంది.

అక్కకు చెప్పు: బస్సులో పంపిన మామిడికాయ తొక్కు ముట్టింది. పుష్పాబాయి దారిలో మూత తీసి చూసినట్టుంది. నేనేమీ అనలేదు. ఉత్తరాలు మోసే మనిషితో పెట్టుకోను.

ఇట్లు,
సాసర్ బాధితుడు పరశురాములు


మిర్యాలగూడ,
19 ఏప్రిల్ 2025

పరశురాములుకు,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. మీ అక్క పక్కన కూర్చుని "ఆ మాట కొట్టెయ్యి, ఈ మాట కొట్టెయ్యి" అంటున్నది. కొట్టేసినచోట ఏముందో నీకు తెలుసు.

పదమూడో తారీఖున కూలర్ బిగించాను. నా చేత్తోనే. ముందే పెట్టాను. బొటనవేలు సందు కొలిచి పెట్టాను, అదీ నాయన బొటనవేలితో, నాది సన్నగా ఉంటుందని. పైపుల వరస మూడుసార్లు చూసుకున్నాను. చుక్క కారలేదు. పద్నాలుగు, పదిహేను, పదహారు, మూడు రోజులు లోడుతో కోదాడ పోయి వచ్చాను. ఎర్ర లైటు వెలగలేదు. మా ఇంట్లో పండుగ. మీ అక్క పాయసం చేసింది. నీకు కూడా పంపుదామన్నాను, అది నా మూర్ఖత్వం.

ఆ మూడు రోజులూ మబ్బు పట్టి ఉంది. పదిహేడున ఎండ కాసింది. ఇగ మేస్త్రీ మాట గుర్తొచ్చింది. ఆలోచిస్తే ఎంత నిజం. మా నాయన లింగన్న డెబ్బై ఏళ్లు గొర్రెల వెంట తిరిగాడు. నడి వేసవిలో గొంగడి కప్పుకుని తిరిగాడు తప్ప విప్పలేదు. తడిపి కప్పుకుంటే లోపల చలి పుడుతుందనేవాడు. గనుల మేస్త్రీకి ఉన్న తెలివి మనకు లేకపాయె అనుకున్నాను. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గొంగడి, నాయనది, ఆయన పెళ్లినాటిది. బండి ముఖానికి పెద్దదైంది. గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో సగానికి కత్తిరించాను. బకెట్ నీళ్లలో ముంచి, కూలర్ ముందు నిండుగా కట్టాను.

పద్దెనిమిదో తారీఖు, నిన్న, నేరేడుచర్ల దాటకముందే ఎర్ర లైటు. బండి ఆగింది. నడి రోడ్డు మీద, ఎదురుగా పెళ్లి బారాత్. బ్యాండు వాళ్లు నా బండి చుట్టూ తిరిగి పోయారు. సూపర్‌వైజర్ రాజ్‌కుమార్ మోటర్‌సైకిల్ మీద వచ్చి పుస్తకంలో రాసుకున్నాడు. "అన్నా, ఇది రెండోది. మూడోది అయితే నా చేతుల ఏముండదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే ఎక్కువ నొచ్చింది.

నాయన రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. కత్తెర ఎక్కడో దాచాడు. మిగిలిన సగం గొంగడి ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తాడు.

చెప్పింది చెప్పినట్టు చేశాను. ఇంకా ఏం కప్పాలో మేస్త్రీని అడిగి రాయి.

మురళీధర్


సూర్యాపేట,
22 ఏప్రిల్ 2025

బావా,

నీ ఉత్తరం కొట్టులో చదివాను. చదువుతుండగా చేతిలో ఉన్న మాటు కడ్డీ కాలు మీద పడింది. కాలింది. అదే నయం, లేకపోతే ఏడ్చేవాడిని.

గొంగడి తీసెయ్యి. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే లేచి వెళ్లి తీసెయ్యి. తీసి వచ్చి మిగిలింది చదువు.

తీశావా? తీయలేదు. నాకు తెలుసు.

అది హాస్యం బావా. నవ్వుతూ అన్నాడని రాశాను కదా. మనిషి నవ్వుతూ ఒక మాట అంటే దాన్ని తీసుకెళ్లి నీళ్లలో ముంచి బండికి కడతారా? సాసర్ మీద మూత పెట్టి ఊదినట్టుంది నీ పని. గాలి లోపలికి పోవాలని ఆ జాలీకి అన్ని సందులు పెడితే, అన్ని సందులూ ఉన్నితో మూశావు. పైగా తడి. పైగా నీ బండి మోసేది బూడిద. నీ ముందు పోయే పది టిప్పర్ల బూడిద ఎగిరొచ్చి ఆ తడి గొంగడి మీద పడితే ఏమవుతుంది? ఇటుకల ఫ్యాక్టరీకి నువ్వు పోసే లోడు అక్కడ ఏమవుతుందో అదే అవుతుంది. నువ్వు కూలర్‌కు గొంగడి కప్పలేదు, గోడ కట్టావు.

మబ్బు సంగతి. ఆ మూడు రోజులు సూర్యాపేటలో ఎండకు నా బనియన్ చెమటతో తడిసి ముద్దయింది. నీ ఒక్కడి బండి మీద మబ్బు పట్టిందా?

ఏం చేయాలో రాస్తున్నాను. గొంగడి తీసి, కూలర్ జాలీని వెనక వైపు నుంచి, అంటే ఇంజన్ వైపు నుంచి, సన్న ధార నీళ్లతో కడుగు. ముందు నుంచి కొడితే బూడిద ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది. నూనె వాసన చూడు. మాడిన వాసన ఉంటే మార్చు. అప్పటి దాకా లోడు ఎత్తకు. ఇంకొక్కసారి ఆగితే ఏమవుతుందో నీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇది మేస్త్రీ కూడా చెప్పాడు. ఈసారి నవ్వలేదు.

లింగన్న మామకు నా దండం. గొంగడి గురించి నేను విన్నట్టు చెప్పకు.

పరశురాములు


మిర్యాలగూడ,
27 ఏప్రిల్ 2025

పరశురాములు అనేవాడికి,

నీ ఉత్తరం ముట్టేసరికి నేను లోడు ఎత్తే ఉన్నాను. చదివాక కదిలించలేదు. ఇరవై మూడో తారీఖు నుంచి బండి నిండు లోడుతో, గొంగడితో, ఇంటి ముందే ఉంది. నీ మాట విని కాదు. ఎవరి మాట వినాలో తెలియక.

ఒక ఉత్తరంలో మేస్త్రీ గొంగడి కప్పమంటాడు, ఇంకో ఉత్తరంలో తీయమంటాడు. అంత పెద్ద మనిషి పూటకో మాట చెప్పడు. మధ్యలో ఉన్నది నువ్వు. ఆయన ఒకటి చెబితే నువ్వు ఒకటి రాస్తున్నావు. నా సంసారంతో కూడా నీకు ఆటేనా అనిపించింది. అందుకే నిన్న పొద్దున బస్సెక్కి నేనే కోదాడ పోయాను.

బస్టాండులో చాయ్ హోటల్ దగ్గర అడిగాను, "హన్మా మేస్త్రీ ఎక్కడుంటడు" అని. వెంటనే చెప్పారు. బైపాస్ దగ్గర రేకుల షెడ్డు. కలిశాను. కాలు కుంటు అని రాశావు, శుభ్రంగా నడుస్తున్నాడు. అడిగితే అయోమయంగా కాలు చూసుకున్నాడు. బాగైనట్టుంది. బీడీ కూడా మానేసినట్టున్నాడు. షెడ్డు నిండా మోటర్లు, గుట్టలుగా రాగి తీగ. ఎంత పని ఉందో మనిషికి. నీ పేరు చెప్పాను. "పరశురాములా? ఎందుకు తెలీదండీ, మనోడే కదా" అన్నాడు. నీ గురించి ఒక్క మాట తప్పుగా అనలేదు. పెద్దమనిషి.

బండి సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చాయ్ తెప్పించాడు. "గనుల్లో పనిచేసిన పెద్ద మేస్త్రీ మీరేనని విని వచ్చాను" అంటే, "అందరూ అంటుంటారండీ" అని తల వంచుకున్నాడు. తరువాత చెప్పాడు: "గేర్ బాక్స్ అన్నాక చిక్కటి నూనె ఉండాలండీ. మీరేమో నీళ్లలాంటి ఎర్ర నూనె పోస్తిరి. వేడెక్కదా మరి? అది తీసేసి ట్రాక్టర్లకు పోసే గేర్ ఆయిల్ పోయండి, తేనెలా ఉంటుంది. గొంగడి ఉండనివ్వండి, మంచిదేగా."

చూశావా. ఆయన నోటితో ఆయన చెప్పాడు. గొంగడి మంచిదే. నువ్వు తీయమన్నది నీ సొంత తెలివి.

గేర్ ఆయిల్ డబ్బా తెచ్చి పెట్టాను. మంగళవారం వద్దని నాయన అంటాడు గనుక బుధవారం పోస్తాను. పోసి, లోడు దింపి వస్తాను. రేపు దామరచర్ల పోయి బుధవారం దాకా ఓపిక పట్టమని రాజ్‌కుమార్‌ను బతిమాలుతాను. ఇక నువ్వు ఏమీ పంపనక్కరలేదు. పుష్పాబాయికి కూడా కొంచెం విశ్రాంతి.

మురళీధర్


మిర్యాలగూడ, నీ ఇంటి ముందు,
28 ఏప్రిల్ 2025

బావా,

ఈ ఉత్తరం నీ టిప్పర్ మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. స్టీరింగుకు చెక్కి పోతాను, దామరచర్ల నుంచి వచ్చాక నీకే దొరుకుతుంది. నీ ఉత్తరం రాత్రి చదివి, తెల్లవారి మొదటి బస్సెక్కాను. పుష్పాబాయి నా ముఖం చూసి సంచి ఏదని కూడా అడగలేదు.

అక్కను తాళం అడిగాను. ఇచ్చేముందు నా వెనక వీధిలోకి చూసింది.

"మేస్త్రీ రాలేదారా?"

"రాలే అక్కా."

"ఏడికెల్లి వస్తడు" అన్నది. తాళం ఇచ్చింది. 

గొంగడి తాళ్లు కోశాను. తాళ్లు కోస్తే గుడ్డ కింద పడాలి. ఇది పడలేదు. బూడిద పట్టి, ఎండి, తలుపు రెక్కలా బండి ముందు నిలబడింది. రెండు చేతులతో పట్టి పక్కకు ఎత్తి పెట్టాను. దాని వెనక కూలర్ జాలీ కనపడలేదు, తెల్లటి పలక కనపడింది. ఇంజన్ వైపు నుంచి గంటన్నర కడిగాను. లింగన్న మామ అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. చివరికి లేచి వచ్చి నీళ్ల పైపు పట్టుకున్నాడు. "గొంగడి మనిషికి రా. మనిషి ఒంటికి కప్పుకుంటడు, ముక్కు మూసుకుంటడా?" అన్నాడు. నేను మూడు ఉత్తరాలు రాసి చెప్పలేనిది ఆయన ఒక్క మాటలో చెప్పాడు. నువ్వు ఇంట్లోనే అడగాల్సింది. కానీ ఆయన నీతో మాట్లాడటం లేదు కదా.

జాలీ శుభ్రమయ్యాక నీ పని చూశాను. తిట్టడానికి వెతికాను. సందు సరిగ్గా ఉంది. పైపుల వరస తప్పలేదు. క్లిప్పులు పైపును ఎక్కడా కొరకలేదు. నా కొట్టులో పదేళ్లు చేసినవాడు కూడా ఇంత నీటుగా బిగించడు. ఈ మాట అక్క ముందు అనలేదు, ఇక్కడ రాస్తున్నాను, చించెయ్యి.

నూనె కొద్దిగా మాడిన వాసన వచ్చింది. వచ్చేటప్పుడు ఎర్ర నూనె తెచ్చుకున్నాను, మార్చాను. తరువాత నిన్ను అడగకుండా ఒక పని చేశాను. నిండు లోడు అట్లాగే ఉంది కదా, మామను పక్కన కూర్చోబెట్టుకుని మిట్టమధ్యాహ్నం బండి తీశాను. నువ్వు పోయినసారి ఆగినచోటు దాటి, నేరేడుచర్ల దాటి, ఇంకా పోయి తిరిగొచ్చాను. మబ్బు లేదు. ముఖం మాడిపోయే ఎండ. ఎర్ర లైటు వెలగలేదు. నేను రోడ్డు చూసిందానికంటే ఆ లైటును ఎక్కువ చూశాను. మామ మాత్రం దారి పొడుగునా పొలాల్లో గొర్రెల మందలు లెక్కపెడుతూ వచ్చాడు. రేపు లోడు దింపి రా. రాజ్‌కుమార్ పుస్తకంలో మూడోది పడదు.

ఒక్కటే షరతు. ఆ గేర్ ఆయిల్ గేర్ బాక్స్‌లో పోయవద్దు. క్లచ్ లేని గేర్ బాక్స్‌లో సన్నని దారుల గుండా నూనె ఉరకాలి, తేనె లాంటిది పోస్తే బండి నీ వాకిలి కూడా దాటదు. తరువాత విప్పినా బాగు కాదు. డబ్బాను నేను పట్టుకుపోతున్నాను. కానీ అది దాస్తే నువ్వు ఇంకో డబ్బా తెస్తావని కూడా నాకు తెలుసు. ఎందుకంటే హన్మా మేస్త్రీ చెప్పాడు.

పొద్దున్నుంచి ఇదే ఆలోచిస్తూ కడిగాను. నా మీద నీకున్న నమ్మకం ఎంతో నాకు తెలుసు, దాన్ని నేనే తగ్గించుకున్నాను. నీతో ఒక పని చేయించాలంటే నేను కాక ఇంకెవరో చెప్పాలనుకున్నాను. చెప్పాడు, నువ్వు విన్నావు, నాకు సంబరమైంది. ఆ సంబరంలోనే నోరు ఊరుకోక గొంగడి మాట కూడా ఆయన చేతనే అనిపించాను. అది ఆయన మాట కాదు, నా వెటకారం. నువ్వు నా మాటగా విని ఉంటే నవ్వి పక్కన పెట్టేవాడివి. మామ పెళ్లినాటి గొంగడి తెగేది కాదు.

కోదాడలో నిన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించిన మనిషి ఎవరో నాకు తెలియదు. హన్మా అనే పేరున్న మేస్త్రీ ఏ ఊళ్లోనైనా ఒకడుంటాడు. ఆ రాగి తీగ చూస్తే బోరు మోటర్లు చుట్టుకునేవాడని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఎవరో దూరం నుంచి వచ్చి నువ్వు పెద్ద మేస్త్రీవట అంటే కాదనడానికి ఆయనకు మనసు రాలేదు. ఆయన తప్పేం లేదు. నేను కోదాడ పోయి రెండేళ్లయింది.

పైపుల వరస, బొటనవేలు సందు, ఎర్ర నూనె, ఇవన్నీ నిజం. నేను నేర్చుకున్నవి, నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి. గనులు, ఇరవై ఏళ్లు, బీడీ, కుంటి కాలు, ఇవి ఆరో తారీఖు పొద్దున చాయ్ తాగుతూ కాగితం మీద పెట్టినవి.

హన్మా మేస్త్రీ లేడు బావా. ఆయన్ని నేనే పుట్టించాను.

పరశురాములు